వైఫై లేని ఊరికి వెళ్ళొచ్చాక

వర్జీనియాలో ఆష్‌బర్న్ అంటే మనవాళ్ళలో తెలియనివాళ్ళు తక్కువ. పొద్దున్నే స్కూల్ బస్ దగ్గర నిలబడితే తెలుగు మాట వినపడని రోజు ఉండదు. ఇదే ఊరికి బయటి ప్రపంచంలో ఇంకో పేరుంది: డేటా సెంటర్ ఆలీ. పాత రైలుకట్ట మీద వేసిన డబ్ల్యూ అండ్ ఓడీ ట్రెయిల్ మీద సాయంత్రం నడకకి వెళ్తే, కిటికీలు లేని బూడిదరంగు భవనాలు ఒకదాని వెనక ఒకటి కనిపిస్తూనే ఉంటాయి. ఒకప్పుడు ఇవన్నీ పాడి ఆవుల ఫారాలట. 1992లో ఇక్కడికి దగ్గర్లోనే టైసన్స్ వైపు మే-ఈస్ట్ అనే ఇంటర్నెట్ కూడలి మొదలైంది. తర్వాత డల్లెస్‌కి ఏఓఎల్ వచ్చింది, 1990ల చివర్లో ఆష్‌బర్న్‌కి ఈక్వినిక్స్ వచ్చింది. తీగ ఉన్నచోటికి ఇంకో తీగ వచ్చి చేరుతూ చేరుతూ ఇలా అయ్యింది. ప్రపంచ ఇంటర్నెట్ ట్రాఫిక్‌లో 70 శాతం ఇటుగానే పోతుందని ఇక్కడ గొప్పగా చెప్పుకుంటారు. ఆ లెక్క మీద నాకు నమ్మకం లేదు గానీ, డేటా సెంటర్లు ఇంత ఒత్తుగా ప్రపంచంలో ఇంకెక్కడా లేవన్నది మాత్రం నిజం.

ఇంత ఇంటర్నెట్ పక్కన పెట్టుకుని, 2022 అక్టోబర్ మొదటి వారంలో, మా బేస్‌మెంట్‌లో, నా స్టాటిస్టిక్స్ మిడ్‌టర్మ్ మధ్యలో నెట్ పోయింది.

నేను బి.ఎస్సీ. మాథ్స్, ఫిజిక్స్, ఎలక్ట్రానిక్స్. పెళ్ళయ్యాక పదేళ్ళు పిల్లలు, వంట, వీసా కాగితాలు. వర్క్ పర్మిట్ చేతికొచ్చేసరికి నా రెజ్యూమేలో చూపించడానికి ఆ పదేళ్ళలో ఏమీ లేదు. అందుకని కమ్యూనిటీ కాలేజీలో ఆన్‌లైన్ కోర్సులో చేరాను. ఇంట్లో పైన ఉన్న ఆఫీస్ గది మా ఆయనది. రౌటరూ అక్కడే. పిల్లల గదులు రెండోవైపు. వచ్చి మూడు నెలలైన అత్తయ్యది గెస్ట్ రూమ్. నాకు మిగిలింది బేస్‌మెంట్‌లో వాషింగ్ మెషిన్ పక్కన మడతబల్ల. నేనేమీ ఫిర్యాదు చెయ్యలేదు. అక్కడ ప్రశాంతంగా ఉంటుందని నేనే వెళ్ళాను. క్లాసు మధ్యలో వీడియో ఆగిపోయినప్పుడల్లా మా ఆయన, "నీ క్లాసేగా, రికార్డింగ్ చూసుకోవచ్చుగా" అనేవారు. చెడ్డ ఉద్దేశంతో కాదు, నిజంగానే చూసుకోవచ్చు. కానీ కెమెరా ముందు కూర్చుని రాసే పరీక్షకి రికార్డింగ్ ఉండదు కదా. నలభై నిమిషాలు రాశాక తెర తెల్లబడింది, మళ్ళీ లోపలికి రానివ్వలేదు. ప్రొఫెసర్ మంచావిడ. వచ్చే శుక్రవారం ఇంకోసారి రాయమన్నారు. "ఇదొక్కసారే, ఈసారి మీ ఇంటర్నెట్ సంగతి చూసుకోండి" అని కూడా రాశారు.

ఈలోగా వచ్చింది కొలంబస్ డే లాంగ్ వీకెండ్. వెస్ట్ వర్జీనియా కొండల్లో ఆకులు రంగు మారే రోజులని, మా ఆయన ఆగస్టులోనే గ్రీన్ బ్యాంక్ దగ్గర కేబిన్ బుక్ చేసి పెట్టారు. క్యాన్సిల్ చేస్తే డబ్బు తిరిగి రాదు. ఆ ఊరి గురించి చదివాక నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నెట్ బాగుచేసుకోవాల్సిన వారంలో, వైఫై ఉండకూడదని నిబంధన ఉన్న ఊరికి ప్రయాణం!

ఆష్‌బర్న్ నుంచి నాలుగు గంటల పైచిలుకు. 66 మీద పడమరకి, 81 మీద దక్షిణానికి హారిసన్‌బర్గ్ దాకా మామూలు దారే. అక్కడ 33 పట్టుకుని షెనండోవా కొండ ఎక్కడం మొదలుపెట్టగానే మలుపులు. చిన్నోడికి వాంతులు, అత్తయ్య చేతిలో నిమ్మకాయ. ఫ్రాంక్లిన్ దాటాక ఫోన్లో గీతలు ఒక్కొక్కటే రాలిపోయాయి. మా పెద్దది "నెట్ పోయింది" అని అరిచింది. "ఇక్కడ పోలేదమ్మా, ఇక్కడ రానివ్వరు" అన్నాను. సైన్స్ చదువుకున్నందుకు ఇలాంటి సమయాల్లోనైనా పనికొస్తాను.

సంగతి ఏమిటంటే, ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలు వినడానికి గ్రీన్ బ్యాంక్‌లో 1950ల చివర్లో అబ్జర్వేటరీ కట్టారు. చుట్టూ కొండలు గోడల్లా ఉండి బయటి రొదని ఆపుతాయని ఆ లోయని ఎంచుకున్నారు. అదీ చాలదని, 1956లో రాష్ట్రం ఒక చట్టం చేసింది. 1958లో ఎఫ్‌సీసీ 13,000 చదరపు మైళ్ళ మేర నేషనల్ రేడియో క్వైట్ జోన్ అని గీత గీసింది. మా ఉమ్మడి నల్గొండ జిల్లాకి రెట్టింపు కంటే పెద్దది. అందులో స్థిరమైన టవర్ ఏది పెట్టాలన్నా వీళ్ళతో మాట్లాడుకోవాలి. అబ్జర్వేటరీకి దగ్గరగా వచ్చేకొద్దీ నియమాలు బిగుసుకుంటాయి. అప్పట్లోనూ అందరూ తు.చ. తప్పకుండా పాటించేవారని కాదు, ఊళ్ళో చాటుగా వైఫై పెట్టుకున్న ఇళ్ళు ఉండేవని అందరూ చెప్పేదే.

ముందు టెలిస్కోప్ కనిపించింది. పచ్చిక బయళ్ళ మీద, ఆవుల వెనక, తెల్లగా ఆకాశానికి వెల్లకిలా పెట్టిన పళ్ళెంలా. 100 మీటర్లు ఒకవైపు, 110 మీటర్లు ఇంకోవైపు, 485 అడుగుల ఎత్తు. అంత బరువైన వస్తువు చక్రాల మీద తిరుగుతుంది, ఏ వైపుకంటే ఆ వైపుకి. 2000లో పూర్తయింది. దానికి ముందున్న 300 అడుగుల టెలిస్కోప్ 1988 నవంబర్ 15 రాత్రి ఒక్క ఇనుప పలక విరిగి మొత్తం కూలిపోయింది. అదృష్టం, ఎవరికీ దెబ్బ తగల్లేదు. అత్తయ్య చాలాసేపు చూసి, "దీంట్లో ఏం వినిపిస్తుంది?" అన్నారు. ఏమీ వినిపించదత్తయ్యా, రాసుకుంటుంది అన్నాను. "మరి అంత నిశ్శబ్దం ఎందుకూ?" అన్నారు. దానికి జవాబు టూర్‌లో దొరికింది.

టూర్ బస్సు డీజిల్‌ది. పెట్రోల్ బండి స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వ రాల్చిన ప్రతిసారీ రేడియో తరంగం పుడుతుంది కాబట్టి టెలిస్కోప్ దగ్గరికి డీజిల్ బళ్ళే వెళ్తాయి. ఫోన్లు, స్మార్ట్ వాచీలు, డిజిటల్ కెమెరాలు కట్టేయాలి. ఫొటో కావాలంటే ఫిల్మ్ కెమెరా. మా పెద్దది ఫిల్మ్ రీలు జన్మలో మొదటిసారి చూసింది. వాళ్ళు పట్టుకునే సంకేతం ఎంత సన్ననిదంటే, ఒక్క మంచు రేకు నేల మీద వాలినప్పటి శక్తితో పోలుస్తారు. రొద ఎక్కణ్ణుంచి వస్తోందో వెతకడానికి యాంటెన్నాలు పెట్టిన బండి వేసుకుని ఊరంతా తిరిగేవారట. ఒకసారి ఎవరిదో పాడైన ఎలక్ట్రిక్ దుప్పటి దొరికిందట. దుప్పటి!

నన్ను ఆపేసింది మాత్రం ఆ పెద్ద పళ్ళెం కాదు. ఆవరణలో బయటే ఒక చెక్క, ఇనుప చట్రం ఉంది. బట్టలారేసే దండాలన్నీ ఒకచోట కట్టినట్టు, కింద కారు చక్రాలతో. కార్ల్ జాన్స్కీ యాంటెన్నాకి నమూనా అది. ఫిజిక్స్ పుస్తకంలో ఆ పేరు ఒక్క వాక్యంలో చదివి వదిలేశాను. బెల్ లాబ్స్ కుర్రాడు, ఇరవైల్లో ఉన్నాడు. అతనికి ఇచ్చిన పని విశ్వరహస్యం కాదు. అట్లాంటిక్ దాటే రేడియో టెలిఫోన్‌లో గరగర ఎందుకొస్తోందో కనుక్కోమన్నారు. అంటే కంప్లైంట్ పని. అతను న్యూజెర్సీలో హోమ్‌డెల్ పొలాల్లో ఆ చట్రాన్ని ఫోర్డ్ మోడల్ టీ చక్రాల మీద గుండ్రంగా తిప్పుతూ నెలల తరబడి రాసుకున్నాడు. రొదని మూడుగా విడగొట్టాడు. దగ్గరి ఉరుములది ఒకటి. దూరపు ఉరుములది ఒకటి. ఏదీ కానిది, ఎప్పుడూ ఉండే సన్నటి బుస ఒకటి. ఆ మూడోది 24 గంటలకి కాదు, 23 గంటల 56 నిమిషాలకి ఒకసారి పెరుగుతోంది. సూర్యుడిది అయితే 24 గంటలు పట్టాలి. నాలుగు నిమిషాలు తక్కువంటే అది నక్షత్రాల గడియారం. పాలపుంత నడిమి నుంచి వస్తోందని 1933లో ప్రకటించాడు. రేడియో ఖగోళశాస్త్రం అలా పుట్టింది. కంపెనీ అతన్ని వేరే పనిలో పెట్టింది.

అక్కడ నిలబడి నాకు సిగ్గేసింది. మేము ఇంట్లో చేసిందేమిటి? "నెట్ బాలేదు" అనుకుని మొదట ఖరీదైన ప్లాన్ తీసుకున్నాం. తర్వాత ఎక్స్‌టెండర్ కొన్నాం. తర్వాత కస్టమర్ కేర్‌తో గంటలు గంటలు. రొదని రొదగానే చూశాం. ఎన్ని రకాలుందో ఒక్కరోజు కూడా రాసుకోలేదు.

కేబిన్‌కి వెళ్ళేసరికి చీకటి. వంటింటి బల్ల మీద నీలం రంగు నెట్‌వర్క్ తీగ ఒకటి చుట్ట చుట్టి ఉంది. కేబిన్ ఓనరమ్మ మూడిళ్ళ అవతలే ఉంటారు, కట్టెలు చూపించడానికి వచ్చారు. మీ ఇంట్లోనూ తీగేనా అని అడిగాను. అవునన్నారు. ఎక్కడికి లాగారన్నాను. "మా వంటింటి బల్లకే. పిల్లలు చదువుకునేది అక్కడే కదా." ఆవిడకి అదేమీ పెద్ద విషయం కాదు. నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఒక్కటే తీగ ఉంటే ఎక్కడికి లాగాలో ఆ ఇంట్లో కూర్చుని నిర్ణయించుకున్నారు. మా ఇంట్లో గాలిలో వస్తుంది కాబట్టి అందరికీ సమానంగా వస్తుందని అనుకున్నాం. అలా ఎప్పుడూ రాలేదు. రౌటర్ ఎవరి గదిలో ఉందో వాళ్ళకి వచ్చింది, మిగతాది మెట్లు దిగేకొద్దీ తగ్గింది.

మర్నాడు కాస్‌లో పిల్లలు ఆవిరి రైలు ఎక్కి బొగ్గుపొగ పీల్చి సంబరపడ్డారు. నేను పక్కన కూర్చుని ప్రింట్ తీసి తెచ్చుకున్న నోట్స్‌లో స్టాండర్డ్ డీవియేషన్ లెక్కలు చేశాను. కొండలు ఎర్రగా, పసుప్పచ్చగా ఉన్నాయని ఒప్పుకుంటాను.

సోమవారం రాత్రి ఇంటికొచ్చాక పిల్లల పాత నోట్‌బుక్ ఒకటి తీసి మూడు గళ్ళు గీశాను. ఒకటి, రౌటర్‌కి లాప్‌టాప్‌ని తీగతో కలిపి చూసిన వేగం. రెండు, అదే గదిలో వైఫై మీద. మూడు, నా బల్ల దగ్గర. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. మొదటి గడి బయటి లైన్ సంగతి చెప్తుంది, రెండోది రౌటర్ సంగతి, మూడోది గోడల సంగతి. మంగళవారం రాత్రికే కథ తెలిసిపోయింది.

గోడలు: 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది గానీ రెండు అంతస్తుల నేలలు, వేడిగాలి గొట్టాల రేకులు దాటి నా దగ్గరికి రాదు. అందుకని నా లాప్‌టాప్ తనంతట తనే 2.4 మీదకి మారిపోయేది. అది గోడల్ని బాగానే దాటుతుంది, పక్కింటివాళ్ళదీ అలాగే దాటి వస్తుంది. మాది టౌన్‌హౌస్. వెతికితే 19 వైఫై పేర్లు కనిపించాయి, సగం మనవాళ్ళవే, దేవుళ్ళ పేర్లతో సహా. ఆ పట్టీలో అమెరికాలో 11 ఛానళ్ళున్నా ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 మూడే. ఎక్స్‌టెండర్ని నేను బేస్‌మెంట్‌లోనే పెట్టాను. సిగ్నల్ లేనిచోట పెడితే అది మాత్రం ఏం తెచ్చిస్తుంది? మెట్ల మధ్యలో పెట్టాల్సింది. అప్పుడు కూడా సగం సమయం వినడానికి, సగం సమయం చెప్పడానికి పోతుంది.

ఉరుములు: రోజూ సాయంత్రం రెండేసి నిమిషాలు నా గడిలో సున్నా పడేది. అదేమిటా అని మెట్లెక్కి చూస్తే అత్తయ్య పాలు వేడి చేసుకుంటున్నారు. మైక్రోవేవ్ కూడా 2.4 గిగాహెర్ట్జ్ ఇంట్లోనే కాపురం, దాని తలుపు సందుల్లోంచి కారే కొంచెం చాలు. అత్తయ్య నొచ్చుకున్నారు. తర్వాత ఒక సంగతి చదివి ఆవిడకి చెప్పాను: ఆస్ట్రేలియాలో పార్క్స్ టెలిస్కోప్ శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి ఒక వింత సంకేతం గురించి తల బద్దలు కొట్టుకున్నారు, చివరికి 2015లో తేలింది, ఎవరో ఆగకముందే మైక్రోవేవ్ తలుపు తెరుస్తున్నారని. "వాళ్ళకీ అత్తగారు ఉండి ఉంటుంది" అన్నారావిడ. ఇంకో చిత్రం, వైఫై గోడల ప్రతిధ్వనుల్ని తట్టుకునే పద్ధతి వచ్చింది కూడా ఆస్ట్రేలియాలో సీఎస్‌ఐఆర్‌ఓ రేడియో ఖగోళవేత్తల నుంచే. జాన్ ఓసల్లివన్ అనే ఆయన పేలే కృష్ణబిలాల సంకేతాల కోసం వెతికాడు. అవి దొరకలేదు, ఆ లెక్కలు వైఫైకి పనికొచ్చాయి. 1996లో అమెరికా పేటెంట్.

మూడోది, ఎప్పుడూ ఉండే బుస. తీగతో చూసినా రాత్రి పూట అప్‌లోడ్ పడిపోతోంది. డౌన్‌లోడ్ అంకె వందల్లో ఉంటే మనం సంతోషించి ఫోన్ మూసేస్తాం, కింద ఉన్న చిన్న అంకె చూడం. కేబుల్ కనెక్షన్లలో అప్‌లోడ్‌కి ఇచ్చేదే కొంచెం. పరీక్షలో నా ముఖం పైకి వెళ్ళేది ఆ కొంచెంలోంచే. ఎఫ్‌సీసీ కూడా 2015 నుంచి 25 డౌన్‌లోడ్, 3 అప్‌లోడ్ ఉంటే బ్రాడ్‌బ్యాండ్ అనేసింది, 2024లో గానీ 100, 20 చెయ్యలేదు. మా ఇంట్లో ఆ కొంచెంలోనే మా ఆయన మీటింగ్, నాలుగు ఫోన్ల ఫొటోలు క్లౌడ్‌కి ఎక్కడం. ఫొటోల బ్యాకప్ రాత్రి పన్నెండు తర్వాతకి మార్చాను. సగం బుస తగ్గింది.

మిగతా సగం నాన్న కనిపెట్టారు. ఆయన టెలిఫోన్ డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. నల్గొండలో మా చిన్నప్పుడు వాన వెలిసిందంటే ఆయన సైకిల్ బయల్దేరేది. వాట్సాప్‌లో విషయం విని, "ప్లాన్ సంగతి తర్వాత. మొదలు జాయింట్లు చూడు బిడ్డా, సగం కంప్లైంట్లు జాయింట్ల కాడ్నే ఉంటయ్" అన్నారు. టార్చ్ పట్టుకుని బేస్‌మెంట్ సీలింగ్ పలక జరిపి చూస్తే, కేబుల్ ఇంట్లోకి వచ్చేచోట పాత స్ప్లిటర్. ఒక తీగని నాలుగు చేస్తోంది. మూడు కొమ్మలు, మాకు ముందున్నవాళ్ళ టీవీలకి, ఎక్కడికీ పోకుండా వేలాడుతున్నాయి. సిగ్నల్ నాలుగు వాటాలై మాకు ఒక వాటా వస్తోంది, దాని మర కూడా వదులు. స్ప్లిటర్ తీసేసి నేరుగా కలిపి, చేత్తో బిగించాను. ఆ రాత్రి గడిలో అప్‌లోడ్ అంకె మొదటిసారి కదలకుండా నిలబడింది. ఫోన్లో నాన్నకి చూపిస్తే, "తుప్పు ఉన్నదా?" అని మాత్రం అడిగారు.

బుధవారం రాత్రి నోట్‌బుక్ మా ఆయన ముందు పెట్టాను. మూడో గడి ఒక్కటే వేలుతో చూపించాను. ఆయన చాలాసేపు చూశారు. ఇంజనీర్ మనిషి, మాటలకన్నా అంకెలు తొందరగా ఎక్కుతాయి. "ఇన్నాళ్ళూ ఇందులోనేనా క్లాసులు విన్నావు?" అన్నారు. నేను ఏమీ అనలేదు. తీగ నా బల్ల దాకా కావాలి అన్నాను.

75 అడుగుల నెట్‌వర్క్ కేబుల్, ఇరవై డాలర్ల లోపే. వంద మీటర్ల దాకా దానికి అలసట లేదు. గురువారం రాత్రి ఇద్దరం కలిసి ఆయన గది నుంచి మెట్ల అంచు వెంబడి టేప్ అంటిస్తూ కిందికి దించాం. చిన్నోడు దాన్ని పాము అన్నాడు. చూడ్డానికి అందంగా లేదు. డిసెంబర్‌లో గోడల్లో ఎలాగూ ఉన్న టీవీ కేబుల్ మీదే నెట్ పంపే మోకా పెట్టెలు రెండు కొని, ఆ తీగ తీసేశాం. మీ ఇళ్ళల్లో గదికో కోయాక్స్ సాకెట్ వాడకుండా ఉంటే, గోడలు తొలిచే ముందు దాని సంగతి కనుక్కోండి.

శుక్రవారం పరీక్ష సాయంత్రం ఆరింటికి. మా ఆయన తన మీటింగ్ ఫోన్ డేటా మీదకి మార్చుకున్నారు. అడగలేదు, ఆయనే. నేను కిందికి దిగేముందు అత్తయ్యతో చెప్పాను, ఇప్పుడు తీగ ఉంది కాబట్టి మైక్రోవేవ్ వాడుకున్నా ఏమీ కాదని. తలూపారు.

తొంభై నిమిషాలు. వాషింగ్ మెషిన్ పక్కన కూర్చుని ఒక్కసారి కూడా పైన మూలనున్న గీతల వంక చూడలేదు. సబ్‌మిట్ కొట్టి మెట్లెక్కి వచ్చేసరికి వంటింట్లో లైటు ఒక్కటే వెలుగుతోంది. అత్తయ్య కుర్చీలో కూర్చుని ఉన్నారు. ముందు టీ గ్లాసు, మీద మీగడ కట్టి చల్లారిపోయి ఉంది.

"అయిపోయిందా అమ్మాయ్? ఇక పెట్టుకోవచ్చా?" అన్నారు మైక్రోవేవ్ వైపు చూపిస్తూ.